సాలవ్వ పోయించిన ఒడిబియ్యం

కామారెడ్డి స్టేషన్లో రైలు దిగి, బజారు దాటి నడుస్తుంటే బొగ్గు పొగ వాసన ఆగిపోయి చింతపులుసు వాసన మొదలయ్యే చోటు ఒకటి ఉండేది. అక్కడే మదర్ల బడి. బోర్డు మీద దాని పేరు చాలా పొడుగు. ఊళ్లో ఆ పేరు పలికినవాణ్ని నేను చూడలేదు. ఆడపిల్లల హైస్కూలు, నడిపేది మదర్లు, కనుక మదర్ల బడి. ఆ పులుసు మాత్రం సాలవ్వది.

నాకు మనుషుల్ని పొగడటం రాదు. హైదరాబాదులో కాలేజీ సగంలో వదిలేసి వచ్చినప్పుడు మా బాపు నన్ను తిట్టిన తిట్లు కూడా సరైనవేనని ఒప్పుకునే రకం నేను. సాలవ్వ గురించి కూడా ఉన్నదే రాస్తాను. ఆమెకు నోరెక్కువ. ముక్కుపొడి పీల్చేది. అన్నం వడ్డించేటప్పుడు పిల్లలను తిట్టని రోజు లేదు. మహమ్మద్‌నగర్‌లో పుట్టింది, పెళ్లయిన కొద్ది రోజులకే మొగుడు పోయాడు, అమ్మానాయనలు పెద్ద జ్వరాల ఏడాది పోయారు. బడి ఇంకా రెండు గదులుగా ఉన్నప్పుడు ఒక ఫాదరు ఆమెను తెచ్చి వంటకు పెట్టాడు. ఆ పొయ్యి దగ్గరే ఆమె జుట్టు నెరిసింది.

మా అక్క మార్త ఆ బడిలోనే ఉండి హైస్కూలు చదువు పూర్తిచేసిన మొదటి జట్టు పిల్ల. మా బాపు రైల్వేలో గ్యాంగు పని. ఆదివారం ఆదివారం మా అవ్వ సర్వపిండి కాల్చి గుడ్డలో కట్టి తీసుకుపోయేది, వెంట నేను. ఆడపిల్లలు బంతిగా కూర్చుని తింటుంటే సాలవ్వ గరిటె పట్టుకుని మధ్యలో నడిచేది. గంగమణి అనే పిల్ల మూలన కూర్చుని కరివేపాకు ఏరి పక్కమ్మాయి కంచంలో వేసేది. రాజంపేట భూమయ్య పటేలు బిడ్డ అనసూయమ్మ మొదట్లో ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులే తినేది. ఒక వానరోజు ఆ పులుసు వాసనకు ఓడిపోయి కంచం పట్టుకుని బంతి చివర కూర్చుంది. సాలవ్వ ఆమెకు రెండు గరిటెలు ఎక్కువ పోసింది. "పటేలు బిడ్డకు గూడ ఆకలైతదే!" అని మాత్రం ఆ వెనక ఏడాదంతా ఎగతాళి చేసింది.

ఆ రోజులు ఇప్పుడు తలుచుకుంటే పళ్లెంలో పడే పులుసు చప్పుడు ముందు వినిపిస్తుంది. తర్వాతే మొహాలు కనిపిస్తాయి.

చదువు అయిపోయింది, పిల్లలకు పెళ్లిళ్లయ్యాయి, వెళ్లిపోయారు. వెళ్లినవాళ్లు మళ్లీ ఆ గేటు వైపు రాలేదు. పెద్ద మదర్ పేరు బ్రిజిత్, ఐర్లండు ఆమె. పుస్తకాలు చూసి నేర్చుకున్న తెలుగు మాట్లాడేది.

"సాలమ్మా, మన బాలికలు ఏల రారు? వారు మనలను మరచితిరా?" అనేది.

"మరిచుడు గాదు మదర్. అత్తలు పంపొద్దా?"

మదర్ పట్నంలో కార్డులు అచ్చు వేయించింది. ఆగస్టు పదిహేను, మరియమాత పండుగ, పాత విద్యార్థినులందరూ రావాలి అని. కార్డులు టపాలో పోయాయి. ఎల్లారెడ్డిలో అనసూయమ్మ అత్తగారింటికి చేరిన కార్డును చూసి ఇంటివాళ్లు అది కచేరీ నుంచి వచ్చిన సమను అనుకున్నారు. పొలం తగాదా ఒకటి నడుస్తోంది మరి. కార్డును బియ్యం బస్తాల వెనక దాచి, ఊళ్లో లేమని చెప్పమని జీతగాణ్ని గడప దగ్గర కూర్చోబెట్టారట. తక్కిన ఊళ్లలో కూడా దాదాపు ఇదే కథ. మిషనోళ్ల కాగితం వచ్చిందంటే మతంలో కలుపుకుంటారని ఒక ఇంట్లో, మా కోడలికి కాగితాలేంటని ఇంకో ఇంట్లో. ఆ పండుగకు వచ్చింది ఒక్కతే, అదీ బడి వెనక సందులో కాపురం ఉండే పిల్ల.

ఆ సాయంత్రం మిగిలిన అన్నం చూసి సాలవ్వకు కోపం వచ్చింది. చేయి కూడా కడుక్కోకుండా మదర్ గదికి పోయింది.

"మదర్, కాగితాలు ఇడిసిపెట్టు. ఆడిబిడ్డను పుట్టింటికి పంపనీకి ఏ అత్త అయినా ఒక్కదానికే కాదనదు. ఒడిబియ్యానికి."

"అది ఏమి?"

సాలవ్వ వివరించింది. పెళ్లయిన బిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికగుడ్డ ఆమె కొంగులో పోస్తారు. ఆమె ఆ బియ్యం నడుముకు కట్టుకుని అత్తగారింటికి పోయి వండి, నలుగురికి పెడుతుంది. ఆ పిలుపుకు అడ్డం చెప్తే అత్తకే మంచిది కాదు.

"ఇది విగ్రహారాధన కాదు కదా?" అంది మదర్ అనుమానంగా.

"బియ్యం మదర్! బియ్యానికి ఎవలన్న మొక్కుతరా? ముందుగాల నువ్వు జపం చెప్పు, ఎన్కకెల్లి మేం బియ్యం పోస్తం."

"నీవే పోయుము."

"నేనెట్ల పోస్త? నేను మొగడు సచ్చినదాన్ని. ముత్తైదువ పొయ్యాలె." సాలవ్వ మదర్ చేతి వంక చూసింది. మదర్ వేలికి ఒక ఉంగరం ఉండేది. తాను క్రీస్తుకు వధువునని, దానికి గుర్తు ఆ ఉంగరమని మదర్ పిల్లలకు చెప్పగా సాలవ్వ ఎన్నోసార్లు విన్నది. "నీ పెనిమిటి ప్రభువే గద మదర్? ఆయనకు సావే లేదాయె. నీ అసుంటి ముత్తైదువ ఈ తాలూకల ఇంకెవలున్నరు?"

మదర్ చాలాసేపు నవ్విందట. తర్వాత ఉంగరం వంక చూసుకుని ఒప్పుకుందట.

శ్రావణంలో ఎలాగూ ఆడపిల్లలు పుట్టిళ్లకు పోతారు. మరుసటి ఏడు ఆ నెలలోనే సాలవ్వ బడి తోటమాలి సీతారాంను అన్న వరుసకు వెంటబెట్టుకుని బండి కట్టించుకుని ఊరూరూ తిరిగింది. ఆడపిల్లను తోలుకురావడానికి మగదిక్కు ఉండాలి కదా. అత్తల ముందు అరుగు మీద కూర్చుని, "మా బిడ్డకు ఒడిబియ్యం పోస్తం, పంపు" అంది. హిందువుల ఇళ్లలోనూ అంది, కిరస్తానీ ఇళ్లలోనూ అంది. అత్తలు ఇరుకున పడ్డారు. బడి పుట్టిల్లు ఎట్లయితుందని అడిగినవాళ్లకు, "అన్నం పెట్టినోళ్లం మేం, తలల పేండ్లు చూసినోళ్లం మేం, జెరమొస్తే కూసున్నోళ్లం మేం. ఇంక పుట్టిల్లంటే ఏంది? కొమ్ములుంటయా?" అని జవాబు.

ఆ ఏడు పండుగకు బంతి నిండింది. మా అక్క వచ్చింది, లింగంపేటలో అత్తగారింటి నుంచి గంగమణి వచ్చింది. అనసూయమ్మ ఎల్లారెడ్డి నుంచి పైకప్పు ఉన్న కచ్చడం బండిలో, తలనిండా పూలతో వచ్చింది. గంగమణి పాత మూలనే కూర్చుని కరివేపాకు పక్కమ్మాయి కంచంలో వేసింది. సాలవ్వ గరిటెతో దాని చేతి మీద ఒక్కటి వేసింది. ఇద్దరు పిల్లల తల్లులైనవాళ్లు ఉయ్యాల కోసం కొట్లాడుకున్నారు. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరి నడుముకు బియ్యం మూట. ఆ తర్వాత ఏటా అట్లాగే నడిచింది.

నేను కాలేజీ వదిలేసి ఇంటికి చేరిన ఏడు సీతారాంకు కాలు వాచింది. సాలవ్వ మా ఇంటికొచ్చి, మంచం మీద పడుకున్న నన్ను చూసింది.

"ఏం రా యాకూబూ, కాలేజు ఇడిసినవట గద?"

"ఇడిసిన."

"మంచిగైంది. లే, ఎడ్లు కట్టు. ఇంతమంది ఆడిబిడ్డలకు తమ్మునివైతవు."

అట్లా నేను ఆ ఏడు ఒక పెద్ద కుటుంబానికి తమ్ముణ్ణయ్యాను. రాజంపేట, లింగంపేట, ఇంకా చిన్నచిన్న ఊళ్లు తిరిగాం. వానకు దారులు బురద. సాలవ్వ బండిలో కూర్చుని ఎడ్లను, నన్ను, రోడ్డు వేయని సర్కారును వంతులవారీగా తిట్టేది. ఎల్లారెడ్డి దగ్గరపడేకొద్దీ ఆమె తిట్లు తగ్గాయి. నాకు కారణం తెలుసు. అంతకుముందు ఏడు అనసూయమ్మ భర్త జ్వరంతో పోయాడు. ఆమె నాయన భూమయ్య పటేలు అంతకు ముందే పోయాడు. అన్న ఒకడున్నాడు, కర్మనాడు వచ్చి, "మల్లొచ్చి తోలుకపోత" అని పోయి మళ్లీ మొహం చూపలేదు. అనసూయమ్మ ఆ ఇంటి గడప దాటి ఏడాది దాటింది.

"ఆ పిల్ల ఒక్కతి వస్తే నాకు అందరొచ్చినట్టే," అంది సాలవ్వ. "ఎట్లన్న తోలుకపోవాలె."

అనసూయమ్మ అత్త పేరు మంగవ్వ. ఎల్లారెడ్డిలో పెద్ద భూములున్న ఇల్లు. ఆమె కూడా భర్త పోయిన మనిషే, నా పుట్టుకకు ముందు నుంచీ. వాకిట్లో పెసలు ఎండబోస్తూ మమ్మల్ని చూసింది.

"ఏందే సాలవ్వ, శ్రావణం వచ్చిందని మల్ల బయలెల్లినవా?"

"మా బిడ్డను పంపు పటేలమ్మా. ఒడి..." సాలవ్వ అక్కడే ఆగిపోయింది.

మంగవ్వ చేతిలోని పెసలు కింద వదిలింది. "ఒడిబియ్యమా? ఎవలకే? ఒడి ఏడున్నది దానికి? మొగని తోటే పాయె. తెల్వదా నీకు? నువ్వు గూడ గంతే గద, నేను గూడ గంతే."

లోపలి తలుపు సందులో తెల్లచీర అంచు కదిలింది. అనసూయమ్మ అక్కడే ఉంది. బయటికి రాలేదు.

భర్త లేని ఆడదానికి ఒడిబియ్యం పోయరు. ఈ సంగతి సాలవ్వకు తెలియక కాదు. ఇన్నేళ్లూ ఊరూరా ఆ ఒక్క పిలుపే చెప్పి చెప్పి ఆమె నోటికి ఇంకో మాట రాలేదు. అత్తల తలుపులు తెరవడానికి తాను కనిపెట్టిన తాళంచెవే ఇప్పుడు ఈ పిల్ల మీద తలుపు వేసింది. సాలవ్వ వచ్చి బండెక్కింది.

ఊరి చివర వాగు దగ్గర ముక్కుపొడి డబ్బీ తీసి, పీల్చకుండానే మళ్లీ రొంటిన దోపుకుంది. వాగులో ఎడ్లు దిగబోతుండగా నా భుజం మీద కొట్టింది.

"మలుపు రా బండి!"

"ఎందుకవ్వా? మల్ల తిట్టిచ్చుకుంటవా?"

"మలుపుమన్ననా లేదా? నిద్ర రా, నిద్ర!"

మా దిక్కు ఒక ఆచారం ఉంది. ఇంట్లో చావు జరిగాక, కర్మలు అయిపోయాక, దగ్గరివాళ్లు వచ్చి ఆ ఇంటివాళ్లను తీసుకుపోయి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టి పంపుతారు. దాన్నే నిద్ర అంటారు. భర్త పోయిన పిల్లను పుట్టింటివాళ్లే తీసుకుపోవాలి. ఆ నిద్ర కాకపోతే ఇంటి మీది దుఃఖం కదలదని నమ్మకం. అనసూయమ్మ అన్న ఆ పని చేయకుండా ఎగ్గొట్టాడు.

మంగవ్వ మమ్మల్ని మళ్లీ చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంకేం మరిచిపోయినవే?"

"ఒడిబియ్యానికి గాదు పటేలమ్మా. బిడ్డను నిద్రకు తీస్కపోను వచ్చిన."

"నిద్రకా? మీరేమైతరు దానికి?"

"పుట్టింటోళ్లం. మొన్నటిదాంక మా తాన ఒడిబియ్యం పోస్తే కట్టుకొచ్చుకోలేదా? నువ్వు ఆ బియ్యం తినలేదా? అప్పుడు పుట్టిల్లైనోళ్లం ఇప్పుడు గాకుంట పోతమా?"

మంగవ్వ నా మీద పడింది. "ఈ పోరడెవడు?"

"తమ్ముడు," అంది సాలవ్వ.

మంగవ్వ పెసల ముందు కూలబడింది. గొంతు తగ్గించి అంది. "నిజమేనే. నిద్ర కాకనే ఈ ఇల్లు గిట్లున్నది. పొద్దుందాక అది మాట్లాడది, నేను మాట్లాడ. ఒక్క రాత్రే మల్ల. పండుగ కాంగనే బండెక్కియ్యాలె."

అనసూయమ్మ బయటికి వచ్చింది. నేను ఎరిగిన అనసూయమ్మ బంతి చివర కూర్చుని వేళ్లు నాకిన పిల్ల. ఈమె బండి ఎక్కడానికి కూడా అత్త వంక చూసి ఎక్కింది. బడి సందులోకి తిరిగాకే నోరు విప్పి, "అవ్వా, ఇయ్యాల పులుసేనా?" అంది. సాలవ్వ మొహం అటు తిప్పుకుంది.

ఆ రాత్రి అనసూయమ్మ పాత చాప మీద, మా అక్క పక్కన పడుకుంది. తెల్లారి గంట కొట్టినా లేవలేదు. ఏడాది నిద్ర ఒక్కసారే పోతున్నట్టు పడుకుందని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఎవ్వరూ లేపలేదు.

పండుగ పూజ అయ్యాక హాల్లో ఒడిబియ్యం మొదలైంది. సాలవ్వ ఎప్పటిలాగే వంటింటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఆ పళ్లెం ఆమె ముట్టదు. వెంట తోడుగా వచ్చిన అత్తలు, ఆడబిడ్డలు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మదర్ ఒక్కొక్కరికీ దోసిళ్లతో పోస్తూ పోతోంది. అనసూయమ్మ స్తంభం వెనక నిలబడి చూస్తోంది. మదర్‌కు మా ఆచారంలో బియ్యం సంగతి తెలుసు, ఎవరికి పోయరో తెలియదు. ఆ సంగతి చెప్పాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు.

"అనసూయా! నీవు ఏల దూరముగా నిలిచితివి? రమ్ము, కొంగు పట్టుము."

గంగమణి ఆడబిడ్డ లేచి నిలబడింది. "అయ్యో, ఆమెకెట్ల పోస్తరు? మొగడు లేదు గద! గిసొంటి తాన మా వదినెకు పోసిన బియ్యం మేమెట్ల తీస్కపోవాలె?"

మదర్ చేతుల్లో బియ్యం అట్లాగే ఉంది. అనసూయమ్మ స్తంభానికి ఇంకా దగ్గరగా జరిగింది. అందరూ సాలవ్వ వంక చూశారు. ఈ పద్ధతి పెట్టింది ఆమె, రూళ్లు ఆమెవి. పోయిస్తే ఈ మాట ఊరూరా పోతుంది. వచ్చే శ్రావణంలో ఏ అత్త కోడల్ని పంపుతుంది? ఇన్నేళ్లు తిరిగి తిరిగి నింపిన బంతి. పోయించకపోతే, నిద్రకని తెచ్చిన పిల్లను అందరి ముందు మళ్లీ తలుపు వెనక్కి పంపినట్టు.

సాలవ్వ గరిటె లోపల పెట్టి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అనసూయమ్మ చెయ్యి పట్టి స్తంభం ఇవతలికి లాగింది. తన చేతులతోనే ఆమె కొంగు పరిచి రెండు కొసలూ ఆమె గుప్పిళ్లలో పెట్టింది.

"పొయ్యి మదర్. ఈమె మా బిడ్డనే."

మదర్ పోసింది. దోసిలి నిండా పోయడంతో కొంత కింద పడింది. గంగమణి వంగి ఆ గింజలు ఏరి అనసూయమ్మ కొంగులో వేసింది. ఆడబిడ్డ ఆమె జబ్బ పట్టుకుని లాగుతున్నా వేసింది.

అనసూయమ్మ కళ్లు తుడుచుకుని, "నువ్వు పట్టవా అవ్వా?" అంది.

"పులుసు మాడుతున్నది, నడువుండ్రి అందరు," అని సాలవ్వ లోపలికి పోయింది.

తర్వాత మదర్ వంటింటికి వచ్చి మెల్లగా అడిగింది. "సాలమ్మా, నేను తప్పు చేసితినా?"

"చేసినవు మదర్. మంచిగ చేసినవు. అటు జరుగు, పొగ తల్గుతది."

ఆ మధ్యాహ్నం అనసూయమ్మను దింపడానికి మళ్లీ ఎల్లారెడ్డి పోయాం. నడుముకు ఉన్న మూట విప్పి బండిలో దాచమని నేను అన్నాను. అనసూయమ్మ విప్పలేదు. బాగా రాత్రయ్యాక చేరాం. మంగవ్వ గుమ్మంలోనే ఉంది. కోడలి మొహం చూసింది, తర్వాత నడుం చూసింది.

"గదేంది?"

సాలవ్వ తిట్లకు సిద్ధమై ముక్కుపొడి పీల్చుకుంది. మంగవ్వ దగ్గరకు వచ్చి మూటలో చెయ్యి పెట్టి గింజలు తీసింది. దీపం వెలుగులో అరచేతిలో అటూ ఇటూ కదిపి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె ఒళ్లో బియ్యం పడి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియాలి.

"పసుపు తక్కువైంది," అంది చివరికి. "నూకలు గూడ ఉన్నయి."

వీధి తలుపు మూసి గొళ్లెం పెట్టింది. మేం లోపలే ఉండిపోయాం. ఒడిబియ్యం వండితే నలుగురికి పెట్టాలి. ఆమె పొయ్యి వెలిగించి తానే వండింది, నలుగురికి వడ్డించింది. అత్త, కోడలు, సాలవ్వ, నేను. తింటుండగా, "ఎవలకన్న చెప్తివా, నీ కాళ్లు ఇరుగుతయి," అంది నాతో. అనసూయమ్మ నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎడ్లు తలెత్తాయని సాలవ్వ చెప్పేది. ఎడ్లు వాకిట్లో ఉన్నాయి, నేను చూడలేదు. కనుక అది ఆమె మాటగానే రాస్తున్నాను.

నేను ఎవరికీ చెప్పలేదు. కాని గంగమణి ఆడబిడ్డ చెప్పకుండా ఉంటుందా? మరుసటి శ్రావణంలో సగం ఇళ్ల ముందు మాకు మంచినీళ్లు కూడా దొరకలేదు. "రండకు పోసిన చేతులతోటి మా కోడలికి పోస్తరా?" అన్నారు. గంగమణి అత్త అయితే కుక్కను వదిలింది. సాలవ్వ తిరిగిన ఊళ్లన్నీ తిరిగింది. పండుగ పొద్దుటికి పాత బంతిలో సగం మందే వచ్చారు. సాలవ్వ మాత్రం ఎప్పటంత పులుసే కాచింది.

పూజ గంట కొట్టకముందే గేటు దగ్గర బండి చప్పుడు. ఎవరూ పోయి పిలవకుండానే అనసూయమ్మ వచ్చింది. కాళ్ల దగ్గర పెద్ద బియ్యం బస్తా. దించమని నాకు చెప్పి సాలవ్వ వైపు తిరిగింది.

"మా అత్త పంపింది అవ్వా. మీ బియ్యంల నూకలున్నయట, ఇవ్వి పొయ్యమన్నది. పసుపు జెర ఎక్కువ కలుపుమన్నది."

సాలవ్వ బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి ఊదింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. సన్నబియ్యం, పాతవి.

"నీ అత్తకు నోరెక్కువ," అంది.

ఆ రోజు బంతిలో గంగమణి మూల ఖాళీగానే ఉంది. సాలవ్వ వడ్డిస్తూ ఆ మూల దగ్గర గరిటె పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత నా కంచంలో పులుసు పోస్తూ అంది.

"జల్ది తిను రా తమ్మీ. ఎడ్లకు నీళ్లు పెట్టు. లింగంపేటకు మల్ల పోదం."

"కుక్కను ఇడుస్తదవ్వా ఆ ముసల్ది!"

"ఇడువనియ్యి. గీ పులుసు జెర కుండల పోసుకొని పోదం. కుక్కకు గాదు, ముసల్దానికి."